బొమ్మ బట్ట మీదికి వచ్చే దారి: లండన్‌లో ఒక వారం

చీరలకూ డ్రెస్ మెటీరియల్‌కూ ప్రింట్లు గీయడం నా వృత్తి. పుట్టింది బందరులో, పని చేసేది హైదరాబాద్‌లో. ఈమధ్య ఆర్డరు ఇచ్చేవాళ్ళలో చాలామంది ఏదో ఒక పెయింటింగ్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి, "ఇదే కావాలండీ, రంగులు మాత్రం కాస్త మార్చండి" అంటున్నారు. బొమ్మ చూసి అద్దకం పుట్టించడం ఒకటి, ఆ బొమ్మనే ఎత్తుకొచ్చి బట్ట మీద పరచడం ఇంకొకటి. రెండూ ఒకటి కాదని మనసుకు తెలుసు. తేడా ఎక్కడుందో ఎదుటివాళ్ళకు వేలు పెట్టి చూపించాలంటే మాత్రం చూసిన ఉదాహరణలు చేతిలో ఉండాలి. చిత్రకారుల అసలు బొమ్మలు, వాటిని చూసి పుట్టిన బట్టలు, వాటికి వంద రెండొందల ఏళ్ళ ముందు మన తీరం నుంచి వెళ్ళిన అద్దకాలు, మూడూ ఒకే ఊళ్ళో దొరికేది లండన్‌లో. అక్కావాళ్ళు ఈస్ట్ హామ్‌లో ఉంటారు కాబట్టి బసకు ఇబ్బంది లేదు. రెండు స్కెచ్ పుస్తకాలు, ఒక స్కేలు, భూతద్దం సర్దుకుని బయల్దేరాను.

మంగళవారం, వాల్తమ్‌స్టో

విలియమ్ మోరిస్ గ్యాలరీకి సోమవారం సెలవు, అందుకే మంగళవారం ఇక్కడితో మొదలుపెట్టాను. విక్టోరియా లైన్ చివరి స్టేషన్‌లో దిగి కొంత దూరం నడవాలి. 1740ల నాటి ఇటుకల ఇల్లు, వెనక పార్కు. 1834లో ఈ ఊళ్ళోనే పుట్టిన బట్టల డిజైనర్ మోరిస్, కుర్రతనంలో 1848 నుంచి 1856 దాకా ఈ ఇంట్లో ఉన్నాడు. 1950లో దీన్ని గ్యాలరీగా తెరిచారు. టికెట్టు లేదు.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది 1883 నాటి "స్ట్రాబెరీ థీఫ్". టీ కప్పుల మీద, డైరీల మీద, సంచీల మీద ప్రపంచమంతా తిరిగిన డిజైన్ ఇది. కెల్మ్‌స్కాట్‌లోని తన ఇంటి తోటలో స్ట్రాబెరీ పళ్ళు ఎత్తుకుపోతున్న పిట్టల్ని చూసి మోరిస్ గీశాడు. ఫోనులో వందసార్లు చూసిన డిజైనే అయినా, బట్ట ముందు నిలబడితే కనిపించేది వేరే. ముందుగా కంటికి తగిలేది ఆ నీలం. సమంగా పరుచుకున్న ఫ్యాక్టరీ నీలం కాదది. బట్ట మొత్తాన్ని నీలిమందు తొట్టిలో ముంచి, తెలుపు రావలసిన చోట నీలాన్ని మందుతో తీసేసి, అలా తేలిన చోట్ల ఎరుపూ పసుపూ ఎక్కించారు. అంటే ఇందులో తెలుపు, వేసిన రంగు కాదు, తీయగా మిగిలింది. పిట్ట రొమ్ము మీది చుక్కల అంచులు దగ్గర నుంచి చూస్తే, నీలం ఎక్కడ ఆగిందో అక్కడ సన్నటి మెత్తదనం ఉంది. డిజిటల్ ప్రింటులో నాకు ఎప్పుడూ దొరకనిది అదే.

ఈ విద్య మోరిస్‌కు ఊరికే రాలేదు. 1875 నుంచి లీక్ అనే ఊళ్ళో థామస్ వార్డిల్ అద్దకశాలకు వెళ్ళి, నీలిమందులో మోచేతుల దాకా ముంచి నేర్చుకున్నాడు. చేతులకు ఆ నీలం రోజుల తరబడి వదిలేది కాదట. 1881లో వాండిల్ నది ఒడ్డున మెర్టన్ యాబీలో సొంత కర్మాగారం పెట్టుకున్నాకే ఈ పద్ధతి అతని చేతికి లొంగింది. కాగితం మీద డిజైన్ గీసి పంపేసే మనుషుల లెక్కలో అతన్ని వేయలేం. తొట్టిలో ఏం జరుగుతుందో తెలిసి గీశాడు గనుకే ఆ గీతలు అలా ఉన్నాయి.

స్కేలు తీసి రిపీట్, అంటే డిజైన్ మళ్ళీ మొదటికి వచ్చే కొలత, వెతికాను. పిట్టలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఒక జంట ముక్కున పండు కరుచుకుని ఉంది, ఇంకో జంట నోరు తెరిచి కూస్తోంది. నడిమి గీతకు అటూ ఇటూ అద్దంలో చూసినట్టు ఒకటే రూపం. అయినా చూసేవాడి కన్ను ఆ నడిమి గీత మీద ఆగదు, తీగలు దాన్ని పక్కకు లాక్కుపోతాయి. ప్రకృతిలో పిట్టలు ఇలా అచ్చు గుద్దినట్టు ఎదురెదురుగా కూర్చోవు. తోటలో చూసింది ఒకటి, రిపీట్ కోసం కూర్చింది మరొకటి. ఈ రెంటి మధ్య జరిగిన పనే డిజైన్. నా మొదటి స్కెచ్‌లో పిట్ట లేదు, తీగ కూడా లేదు. కన్ను నడిచిన దారిని మాత్రం బాణం గుర్తులతో గీసుకున్నాను.

పక్క గదిలో చెక్క అచ్చులున్నాయి. మన పెడన అచ్చుల్లాంటివే అనుకుంటూ వంగి చూస్తే కొన్నిటిలో సన్నగీతలు చెక్కతో చేసినవి కావు. రాగిరేకును వంచి చెక్కలోకి దిగ్గొట్టారు. రంగు ఎక్కువగా పట్టవలసిన విశాలమైన చోట్ల ఉన్ని గుడ్డ నింపారు. మన దగ్గర అచ్చంతా టేకు చెక్కలోనే తొలుస్తారు. గీత ఎంత సన్నగా రావాలన్నా చెక్క నిలిచే హద్దు ఒకటుంటుంది. ఆ హద్దును వీళ్ళు రేకుతో దాటారు. దాని చుట్టూ తిరిగి పేజీలు నింపాను.

బుధవారం, లిబర్టీ

గ్రేట్ మార్ల్‌బరో వీధిలో లిబర్టీ దుకాణం చూస్తే నాలుగు వందల ఏళ్ళ కిందటి కొయ్య మేడ అనుకుంటాం. కట్టింది 1924లో. హిందుస్థాన్, ఇంప్రెగ్నబుల్ అనే రెండు పాత యుద్ధనౌకల కలపతో కట్టారు. ఆర్థర్ లిబర్టీ 1875లో రీజెంట్ వీధిలో వ్యాపారం మొదలుపెట్టినప్పుడు అమ్మింది తూర్పు దేశాల సరుకే. జపాన్ సామాన్లు, భారతీయ పట్టు. ఆ తరవాతే సొంత ప్రింట్లు.

పై అంతస్తులో తానా లాన్ చుట్టలు. ఇథియోపియాలోని తానా సరస్సు పేరు పెట్టుకున్న ఈ నూలు బట్ట వేళ్ళ మధ్య పట్టుకుంటే పట్టులా జారుతుంది, ప్రింటు మాత్రం గీతగీతా నిలబడుతుంది. అన్నీ చిట్టి పూలే. నెమలి పింఛాల "హెరా" దగ్గర చాలాసేపు ఉన్నాను. ఆర్థర్ సిల్వర్ 1887లో గీసిన డిజైన్. నెమలీకను కలంకారీలో చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఇక్కడ అది చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంది. కన్నులన్నీ ఒకే వైపు చూస్తున్నా వరస విసుగనిపించదు, ఎందుకంటే ఈకల కాడలు వంపు తిరుగుతూ వెళ్తాయి.

ధర చూశాను, కొనలేదు. చిల్లర ముక్కలు అమ్మే బుట్టలోంచి రెండు తీసుకున్నాను, భూతద్దం కింద పెట్టి చూడడానికి. మధ్యాహ్నమంతా వాన.

గురువారం, స్ట్రాట్‌ఫర్డ్

ఈ యాత్రలో నేను ఎక్కువగా ఎదురుచూసిన రోజు ఇదే. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తన భాండాగారాన్ని 2025 మే నెలాఖరున ఒలింపిక్ పార్కులో జనానికి తెరిచింది. దీన్ని వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ అంటున్నారు. అల్మరాలు, పెట్టెలు, ఇనప అరలు, వాటి మధ్య నడకదారులు. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. భద్రపరచిన వస్తువుల్లోంచి మనకు కావలసినవి ఐదింటిదాకా ఆన్‌లైన్‌లో ఎంచుకుంటే, మనకు చెప్పిన సమయానికి బల్ల మీద పెట్టి చూపిస్తారు. పరిశోధకుల సిఫారసు చీటీ అడగరు. విద్యార్థి అయినా, కుట్టుపని చేసుకునే గృహిణి అయినా ఒకటే. మన దేశంలో ఏ మ్యూజియమైనా ఇలా తలుపు తెరిస్తే పెడన, శ్రీకాళహస్తి పిల్లలు ఎంత నేర్చుకుంటారో అనిపించింది.

రెండు వారాల ముందే అడిగి పెట్టుకున్నాను. నా బల్ల మీద రెండు ముఖ్యమైన బట్టలు: ఒకటి ఇంగ్లండు బట్టల డిజైనర్ లూసియెన్ డే గీసిన "కేలిక్స్", ఇంకొకటి మన కోరమండల్ తీరపు చింట్జ్, అంటే పూల అద్దకం నూలు బట్ట ముక్క.

ముందు కేలిక్స్. 1951లో లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం గీసిన పరదా గుడ్డ. యుద్ధం ముగిసి ఆరేళ్ళు, దేశంలో ఇంకా రేషను నడుస్తోంది, ఇళ్ళ కిటికీలకు పాత గులాబీల పరదాలే. అలాంటి రోజుల్లో భర్త రాబిన్ డే అలంకరించిన గదిలో లూసియెన్ ఈ బట్ట వేలాడదీసింది. నార బట్ట మీద స్క్రీన్ ప్రింటు. సన్నటి కాడలు, వాటి కొసన గిన్నెల్లా గొడుగుల్లా విప్పుకున్న ఆకారాలు, కొన్ని నిండు రంగులో, కొన్ని గరుకు చారలతో. దీన్ని అమ్మే హీల్స్ కంపెనీకి ఇది అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. మామూలుగా ఇచ్చేదాంట్లో సగం, 20 గినీలు మాత్రమే ఇచ్చింది. అదే ఏడాది మిలాన్ ట్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో ఈ బట్టకు బంగారు పతకం వచ్చాక మిగతా సగం ఇచ్చారు. ఆ తరవాత ఏళ్ళ తరబడి అమ్ముడైంది.

లూసియెన్‌కు పాల్ క్లీ, మీరో, కాండిన్‌స్కీ అనే చిత్రకారుల బొమ్మలంటే ప్రాణం. ఆ సంగతి ఎక్కడ చదివినా ఉంటుంది. అందుకే వెళ్ళే ముందు ఆ ముగ్గురి బొమ్మలూ ప్రింటు తీసుకుని దగ్గర పెట్టుకున్నాను. బల్ల మీది బట్టతో ఒక్కొక్కటే పోల్చి చూశాను. కేలిక్స్‌లో ఉన్న ఏ ఆకారమూ క్లీ బొమ్మలోది కాదు, మీరోదీ కాదు. మరి ఏం తీసుకుంది? సన్నగీత బరువైన ఆకారాన్ని మోయడం తీసుకుంది. మీరో బొమ్మలో రెండు మచ్చల్ని ఒక వెంట్రుకలాంటి గీత కలుపుతుంది, ఆ గీత తెగితే మచ్చలు పడిపోతాయేమోనన్న బిగువు ఉంటుంది. ఆ బిగువును తెచ్చి మొక్కల మీద పెట్టింది. మొక్కలు ఆమె సొంతం. కాడ ఎటు వాలాలి, గిన్నె ఎంత బరువుండాలి అన్నది ఆమె లెక్క. పైగా చిత్రకారుడికి నాలుగు అంచులున్న కేన్వాసు ఉంది, ఆమెకు అంచే లేదు. పైనుంచి కిందికి, పక్కనుంచి పక్కకు ఎంత పొడుగు సాగినా ఆ కాడలు ఎక్కడా ఆగిపోయినట్టు ఉండకూడదు. రిపీట్ కలిసే చోటు వెతకడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒక కాడ చివర, ఒక గిన్నె కడుపులో దాచిపెట్టింది.

రెండో బట్ట తెరిచేటప్పుడు నా గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. 18వ శతాబ్దం, నూలు బట్ట, తెల్లటి గ్రౌండ్, మెలికలు తిరిగిన చెట్టు కొమ్మ, ఏ చెట్టుకూ పూయని పెద్ద పెద్ద పూలు. వివరాల చీటీ మీద ఊరి పేరు లేదు, కోరమండల్ తీరం అని మాత్రం ఉంది. చేసినవాళ్ళ పేరు అసలే లేదు. కేలిక్స్‌కు గీసినమ్మ పేరు, ఇచ్చిన డబ్బు, వచ్చిన పతకం అన్నీ రాసి ఉన్నాయి. ఈ బట్టకు చేతులు మాత్రమే మిగిలాయి.

ఆ చేతుల పని నాకు తెలుసు, ఇప్పటికీ మా వైపు కలంకారీలో చాలా వరకు అదే వరస. బట్టను కరక్కాయ కషాయం, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు ఆ కరక్కాయను తాకితే నల్ల గీత తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు రాసి, చిరివేరుతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. ఇప్పుడు చిరివేరు బదులు ఎక్కువచోట్ల అలిజరిన్ అనే రసాయన రంగు. ఆ తరవాత నీలం తాకకూడని చోటంతా మైనం పూసి నీలిమందులో ముంచుతారు. పసుపు చివర. రంగు నేరుగా పులిమింది చాలా తక్కువ. ఎక్కడ రంగు పట్టాలో బట్టకు ముందే చెప్పి పెట్టడమే ఈ విద్యంతా. మొన్న వాల్తమ్‌స్టోలో చూసిన మోరిస్ నీలానికీ దీనికీ ఉన్న చుట్టరికం భూతద్దంలో స్పష్టంగా కనిపించింది. ఒక పువ్వు రేకులో ఎరుపు కింద సన్నటి తెల్ల గీతలు మిగిలాయి. పటిక రాసే ముందు అక్కడ మైనంతో ఒక్కొక్క గీతా గీసి ఉంటారు. వెంట్రుక మందం. ఒక అంగుళం లోపల పదిహేను దాకా లెక్కపెట్టాను.

ఈ పూలు మన ఊళ్ళ పూలు కావు. 17వ శతాబ్దం నడిమికే యూరప్ వర్తకులు ఎర్ర గ్రౌండ్ వద్దు, తెల్ల గ్రౌండ్ మీద పూలు కావాలని ఉత్తరాలు రాయడం, నమూనాలు పంపడం మొదలైంది. చైనా, పర్షియా, ఇంగ్లండు బొమ్మలు ఓడలెక్కి మన తీరానికి వచ్చాయి. మనవాళ్ళు వాటిని చూసి చేశారు, కానీ చూసినట్టే చేయలేదు. ఆ కొమ్మ వంపులో, పూల లోపల నింపిన గళ్ళలో, చుక్కల్లో కలం అలవాటు తెలిసిపోతుంది. ఆ బట్టల మోజు ఎంత పెరిగిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోలపెట్టగా ఇంగ్లండు 1700లో దిగుమతిని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. అదీ చాలక 1721లో ఇంకో చట్టం చేసి అద్దకం నూలు బట్ట కట్టుకోవడమే నిషేధించింది. 1774 దాకా ఆ చట్టం ఎత్తేయలేదు. ఈలోగా అక్కడివాళ్ళు మన బట్టలు చూసి అద్దకం నేర్చుకున్నారు.

నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాళ్ళకూ, నమూనా పంపిన ఆ వర్తకులకూ పెద్ద తేడా లేదు. నమూనా రావడంలో తప్పు లేదు. అది చేరిన చోట చేయీ, తలా ఉన్నాయా లేదా అన్నదే లెక్క.

శుక్రవారం, ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సోమర్‌సెట్ హౌస్

నేషనల్ గ్యాలరీలో ఆనెన్‌బర్గ్ కోర్ట్ అనే చోట తలెత్తితే గోడంతా రంగు బిళ్ళలు. చిత్రకారిణి బ్రిజెట్ రైలీ 2019లో నేరుగా గోడ మీద వేయించిన "మెసెంజర్స్". దాదాపు 10 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల వెడల్పు. తెల్ల గోడ మీద దూరదూరంగా బిళ్ళలు, అంతే. కానీ ఒకచోట చూపు నిలిపి పక్కకు తిప్పితే, లేని బిళ్ళలు గాల్లో తేలతాయి. కంటిలో మిగిలిన రంగు అది. కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు మబ్బుల గురించి వాడిన మాటనే ఆమె పేరుగా పెట్టింది. ప్రింటు గీసేవాళ్ళం ఎప్పుడూ మోటిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే బొమ్మ, గురించే ఆలోచిస్తాం. ఇక్కడ మోటిఫ్ ఒట్టి గుండ్రం. పని చేసేది ఖాళీ. రెండు బిళ్ళల మధ్య తెలుపు ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులవుతుంటే గోడ కదిలినట్టు ఉంటుంది.

అక్కడి నుంచి స్ట్రాండ్ వీధి వెంట నడిస్తే సోమర్‌సెట్ హౌస్, అందులో కోర్టాల్డ్ గ్యాలరీ. జార్జ్ సరా 1886-87లో వేసిన "కుర్బెవ్వా వంతెన" ఇక్కడుంది. చిన్న బొమ్మ. సేన్ నది, నిలువు తెరచాప కొయ్యలు, దూరాన వంతెన, పొగగొట్టం, ఒడ్డున మనుషులు, అంతా చుక్కలతో. 1959లో రైలీ ఒక పుస్తకంలో అచ్చయిన ఈ బొమ్మను చూసి నకలు వేసింది. నేర్చుకోవడానికి వేసింది. ఒక రంగు చుక్క పక్కన ఇంకో రంగు చుక్క పెడితే కంటిలో ఏం జరుగుతుందో చేత్తో తెలుసుకోవడానికి. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె నుంచి నలుపు తెలుపు చదరాల "మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్" వచ్చింది. అందులో నది లేదు, చుక్క లేదు, రంగే లేదు. సరా మాత్రం ఉన్నాడు, చూపును ఎలా కదిలించాలన్న లెక్కలో.

ఇదే రైలీకి 1965లో న్యూయార్క్‌లో జరిగింది తలుచుకుంటే బాధేస్తుంది. మ్యూజియమ్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో "ద రెస్పాన్సివ్ ఐ" ప్రదర్శన కోసం వెళ్ళేసరికి షాపుల అద్దాల్లో ఆమె గీతల్లాంటివే గౌన్ల మీద. ఆమె బొమ్మ కొనుక్కున్న ఒక దుస్తుల తయారీదారు, లారీ ఆల్డ్రిచ్, ఆ బొమ్మను బట్టగా అచ్చేయించాడు. చూసి సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె హతాశురాలైంది, లాయరు దగ్గరికి వెళ్ళింది. నాకు ఆమె బాధ పూర్తిగా అర్థమవుతుంది. డబ్బు సంగతి అటుంచండి. ఆ బొమ్మ నాలుగు అంచుల మధ్య నిలిచి చూసేవాణ్ణి నిలబెట్టడానికి వేసింది. నడుం దగ్గర ముడుచుకుని చంక దగ్గర తెగిపోయే బట్ట మీద ఆ లెక్క పనిచేయదు. అరువు తెచ్చుకున్నవాడు లెక్కను వదిలేసి పైతొడుగు తెచ్చుకున్నాడు.

అదే 1965లో పారిస్‌లో ఈవ్ సా లొరా అనే దుస్తుల డిజైనర్, చిత్రకారుడు మోండ్రియాన్ గళ్ళతో గౌన్లు చేశాడు. అవీ బొమ్మలోంచి తెచ్చినవే. కానీ అతను గళ్ళను అచ్చేయించలేదు. రంగు రంగుల జెర్సీ బట్ట ముక్కలు కోసి కలిపి కుట్టించాడు, నల్ల పట్టీల్లోనే కుట్లు దాచి వంటికి తగ్గ మలుపులు ఇచ్చాడు. నిటారుగా ఉన్న గళ్ళు మనిషి ఒంటి మీద నిటారుగానే నిలబడ్డాయి. అప్పటికి మోండ్రియాన్ చనిపోయి ఇరవయ్యేళ్ళు, అడిగే వీలు లేదు. అయినా ఆ గౌనులో ఒక కుట్టుపనివాడి తెలివి ఉంది, దానికి నమస్కారం పెట్టవచ్చు. ఇక జపాన్ చిత్రకారిణి కుసామా చుక్కలు లూయీ వీటన్ సంచుల మీదికి 2012లో, మళ్ళీ 2023లో వచ్చాయంటే ఆమె ఒప్పుకుని కలిసి చేసినవి. సంతకం పెట్టిన చేయి ఆమెదే.

సాయంత్రం అక్కకు ఈ రైలీ కథ చెబితే, "మరి నీకు ఫొటో పంపి ఇదే గీయమంటే నువ్వేం చేస్తావే?" అంది. ఎవరి బొమ్మో అడుగుతాను, బతికున్నవాళ్ళదైతే గీయను, వాళ్ళను అడిగి రమ్మంటాను అన్నాను. "ఆర్డరు పోతుందిగా" అంది. కొన్ని పోయాయి కూడా.

శనివారం, బెర్మాండ్సీ, గ్రెనిచ్

పొద్దున బెర్మాండ్సీ వీధి. ఇటుక గోడౌన్ల మధ్య నారింజ, గులాబీ రంగుల భవనం, ఫ్యాషన్ అండ్ టెక్స్‌టైల్ మ్యూజియం. మెక్సికో వాస్తుశిల్పి రికార్డో లెగొరెటా రూపకల్పన. దీన్ని 2003లో తెరిచింది జాండ్రా రోడ్స్. ఆమె చదివింది బట్టల ప్రింటు. గీసిన ప్రింట్లు మరీ విపరీతంగా ఉన్నాయని తయారీదారులు తిప్పి పంపితే, వాటితో తనే దుస్తులు కుట్టడం మొదలుపెట్టింది. ఆమె పద్ధతి నాకు చాలా ఇష్టం. గౌను కోసి ప్రింటు పరచడం కాదు, ప్రింటు అంచు ఎటు పోతే కత్తెర అటు పోతుంది. చుట్టూ వంకీలున్న గుండ్రం గీస్తే, చేతులకూ కుచ్చులకూ ఆ వంకీల అంచే మిగులుతుంది.

మనకు చీర ఉంది. కత్తెర లేదు. కానీ చీరకూ లోపల రూపముంది: అంచు, ఒళ్ళు, కొంగు, కుచ్చిళ్ళు. కుచ్చిళ్ళలో బట్ట మడత మీద మడత పడి, ఒక్కో మడతలో కాస్త పట్టీయే బయటికి కనిపిస్తుంది. రైలీ గీతల్ని చీరంతా పరిస్తే కుచ్చిళ్ళ దగ్గర అవి ముక్కలై గజిబిజి అవుతాయి. అదే నిలువుగా పొడుగ్గా సాగే గీత అయితే మడత దానికి సాయం చేస్తుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు గానీ, జాండ్రా రోడ్స్ పని తలుచుకుంటే దీన్ని మొదట పెట్టుకుని గీయాలని గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం గ్రెనిచ్. నేషనల్ మారిటైమ్ మ్యూజియం బయట పెద్ద గాజు సీసా, అందులో ఓడ. యింకా షొనిబారే అనే కళాకారుడు చేసిన "నెల్సన్స్ షిప్ ఇన్ ఎ బాటిల్". 2010లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగో దిమ్మె మీద పెట్టారు, తరవాత ఇక్కడికి తెచ్చారు. ఇంగ్లండు నౌకాసేనాని నెల్సన్ నౌక విక్టరీకి ముప్ఫయ్యో వంతు నమూనా. 37 తెరచాపలు, అన్నిటి మీదా ఆఫ్రికా అద్దకాల గట్టి రంగులు. లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగిన షొనిబారే ఈ అద్దకాల్నే తన పని నిండా వాడతాడు. ఎందుకంటే ఆఫ్రికా గుర్తుగా అందరూ అనుకునే ఈ బట్ట పుట్టుక జావా బాతిక్ అనే మైనపు అద్దకంలో ఉంది. దాన్ని యంత్రంతో చేసి అమ్మాలని డచ్చివాళ్ళు చూశారు, పశ్చిమ ఆఫ్రికా జనం సొంతం చేసుకున్నారు. నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ ఇప్పటికీ ఆ బట్ట చేస్తోంది.

సీసా చుట్టూ తిరిగి తెరచాపల ప్రింట్లు గీసుకున్నాను. పెద్ద మోటిఫ్, వెనక సన్నటి పగుళ్ళ గీతలు. మైనం పగిలి రంగు లోపలికి పాకిన గీతలవి. బాతిక్‌లో చేతి జాడ, ఇక్కడ డిజైన్‌లో భాగం. మొన్న బల్ల మీద చూసిన చింట్జ్, ఈ తెరచాప గుడ్డ, రెండూ ఓడల మీద తిరిగి తిరిగి మనుషుల ఇష్టాయిష్టాలకు మారుతూ వచ్చినవే. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న లెక్క షొనిబారే దాచలేదు, తెరచాప కట్టి అందరికీ చూపించాడు.

ఆదివారం, ఈస్ట్ హామ్

బయటికి వెళ్ళలేదు. అక్కావాళ్ళ డైనింగ్ టేబుల్ మీద స్కెచ్ పుస్తకాలు పరచుకుని కూర్చున్నాను. బావగారు ఇడ్లీ వేశారు.

సరా బొమ్మలోని తెరచాప కొయ్యలు వదలడం లేదు. వాటిని గీయలేను, అవి సరావి. కానీ నిలువు గీతలు వరసగా నిలబడి, మధ్యలో నీళ్ళు ఊపిరి పీల్చుకునే ఆ తీరు నేను చిన్నప్పటి నుంచీ చూసిందే, బందరు పక్కన గిలకలదిండి రేవులో. పడవల జెండా కర్రలు, కర్రల మధ్య వేలాడే వలలు, వలల అంచున బెండ్లు. బెండు గుండ్రంగా ఉంటుంది. రైలీ గోడ మీద నేర్చుకున్న ఖాళీ లెక్క దీనికి పనికొస్తుంది. బెండ్ల మధ్య దూరం ఒకచోట దగ్గరై ఒకచోట వదులై, వల కదిలినట్టు ఉండాలి. కర్ర నిలువు గీత కాబట్టి కుచ్చిళ్ళలో పగలదు. రిపీట్ తొమ్మిది అంగుళాలు, పక్క వరస సగం కిందికి దింపి. కలిసే చోటు వల ముడిలో దాచాను, లూసియెన్ డే గిన్నెలో దాచినట్టు. మధ్యాహ్నానికి మూడు రంగుల్లో తేలింది: నలుపు, ఎరుపు, ఒక పలచటి నీలం.

ఫొటో తీసి పెడనలో అచ్చులు చెక్కే పెద్దాయనకు పంపాను. మా నాన్న వయసువారు. పదేళ్ళుగా నా అచ్చులు ఆయనే చెక్కుతున్నారు. కాసేపటికి ఫోను.

"చూశానమ్మాయ్. బెండ్లు బాగున్నాయి. ఒకే అచ్చు తిప్పి తిప్పి వేసుకోవచ్చు. కర్రలే మరీ సన్నం గీశావు."

"ఎంత ఉండాలి బాబాయ్ గారూ?"

"అర నూలన్నా ఉండాల. అంతకన్నా సన్నమైతే చెక్క నిలవదు. నాలుగు చీరలు అద్దేసరికి కొసలు రాలిపోతాయి."

నూలంటే ఆయన కొలతలో అంగుళంలో ఎనిమిదో వంతు. వాల్తమ్‌స్టోలో చూసిన రాగిరేకు అచ్చుల సంగతి చెప్పాను. గీసుకున్న పేజీ కూడా పంపాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. బొమ్మ పెద్దది చేసి చూస్తున్నట్టున్నారు.

"రేకు దిగ్గొట్టడం కుదురుద్ది. గాడి తీసి కొట్టాల. కాకపోతే టేకు రంగు తాగినట్టు రేకు తాగదు. గీత పలచగా పడిద్దేమో. నలుపుకి సరే, పటికకి ఎలా ఉంటదో అద్ది చూస్తే గానీ చెప్పలేను."

"కర్రలన్నీ నలుపే."

"అయితే ఒక జానెడు ముక్క చేసి చూస్తా. సగం చెక్కతో, సగం రేకుతో. రెండూ పక్కపక్కన అద్ది ఫొటో పెడతా. నువ్వు మాత్రం వల ముడి దగ్గర కాస్త చోటు పెంచు. అక్కడ ఎర్ర అచ్చు, నల్ల అచ్చు రెండూ గుద్దుకుంటున్నాయి. రంగు పాకుద్ది."

స్కేలు తీసుకుని ముడి దగ్గర ఒక నూలు చోటు పెంచాను. అది పెరిగేసరికి కింది బెండు వరస జరపవలసి వచ్చింది, దానితో పక్క వరస కలిసే చోటూ మారింది. రాత్రి భోజనాల వేళకు కొత్త రిపీట్ కుదిరింది. ఆయనకు పంపి, ఎరుపు అచ్చు కొలతలు అడిగాను.